కండెన్సర్ పోయిందన్నారు, పోయింది ట్యాంక్: ఒక 24 లీటర్ల కంప్రెసర్ కేసు

"గుయ్‌మంటుందన్నా, తిరగదు. కండెన్సర్ మార్పించి రెండు నెలలు కాలేదు. మళ్లీ అదే తంతు."

మిషన్‌ను బెంచీ మీద దించుతూ దాని యజమాని చెప్పిన ఫిర్యాదు ఇంతే. ఆయన తలుపులు, బీరువాలు చేసే వడ్రంగి. నెయిల్ గన్‌కూ పాలిష్ స్ప్రేకూ ఇదొక్కటే ఆధారం. చేతిలో పని ఆగిపోయిందన్న టెన్షన్ మొహంలో కనిపిస్తోంది.

మిషన్ మామూలు గాలి కంప్రెసరే. 24 లీటర్ల ట్యాంక్, 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్, ఒకటే పిస్టన్. బెల్టు లేదు, మోటార్ షాఫ్ట్‌కే పిస్టన్ తగిలించిన డైరెక్ట్ డ్రైవ్. ఆయిల్ పోసే రకం. ట్యాంక్‌లో గాలి ఒత్తిడి 8 బార్ చేరితే ఆగాలి, 6 బార్‌కు దిగితే మళ్లీ మొదలవ్వాలి. వయసు ఏడేళ్లు. చక్రాలున్నాయి కాబట్టి ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్లింది.

ముందే చెప్పేస్తాను: ఈ మిషన్ చివరికి తుక్కులోకి వెళ్లింది. పంపు రిపేరు బాగానే చేశాను, కానీ చూడాల్సిన వరస తప్పాను. మూడు సాయంత్రాలు పోయాయి. ఆ తప్పుతో సహా రాస్తున్నాను.

ఖాళీగా ఉంటే తిరుగుతుందా?

మోటార్ గుయ్‌మని ఆగిపోతే చాలామంది చెయ్యి నేరుగా కండెన్సర్ (మోటార్ తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే భాగం) మీదికి పోతుంది. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ట్యాంక్‌లో గాలి లేనప్పుడు మోటార్ తిరుగుతుందా? అప్పుడు కూడా తిరగకపోతే కరెంటు వైపు వెతకాలి. ఖాళీగా ఉంటే తిరిగి, గాలి నిండాక మొరాయిస్తే గాలి వైపు వెతకాలి.

ఆయన తెచ్చేటప్పటికే ట్యాంక్ ఖాళీ. స్విచ్ వేశాను. తిరిగింది, కాస్త బద్ధకంగా. చాలాసేపటికి 8 బార్ చేరి టక్కున ఆగింది. ఇక్కడ చెవి పెట్టి వినాలి. బాగున్న కంప్రెసర్ ఆగగానే ప్రెషర్ స్విచ్ కింది నుంచి 'తుస్స్' మని ఒకటి రెండు సెకన్లు గాలి వదిలి ఊరుకుంటుంది. పిస్టన్ నెత్తిన, ట్యాంక్‌కు వెళ్లే గొట్టంలో మిగిలిపోయిన ఒత్తిడి అలా బయటికి పోతుంది. తర్వాత స్టార్ట్ అయ్యేటప్పుడు మోటార్‌కు ఎదురుండదు.

దీంట్లో ఆ తుస్సు ఆగలేదు. ఐదు సెకన్లు, పది, ఇరవై, అలా వస్తూనే ఉంది. అంటే ట్యాంక్‌లోని గాలి వెనక్కి నడుస్తోంది. ట్యాంక్ మూతి దగ్గర ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వ్) ఉంటుంది. గాలిని లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడమే దాని పని. అది మూసుకోవడం లేదు. గేజ్ ముల్లు 6కు దిగింది, స్విచ్ కలిసింది, మోటార్ గుయ్‌మంది. వెంటనే ఆపేశాను. ఇలా ఇరుక్కున్న మోటార్ మామూలుగా తీసుకునే కరెంటుకు నాలుగైదు రెట్లు లాగుతుంది. ఓవర్‌లోడ్ ట్రిప్ అయ్యేదాకా వదిలేస్తూ ఉంటే ఒక రోజున వైండింగ్ వాసన వస్తుంది.

కండెన్సర్ కూడా చూశాను. విప్పేముందు 10 కిలో ఓమ్ రెసిస్టర్‌ను దాని రెండు కాళ్లకూ తాకించి కొన్ని సెకన్లు పట్టుకున్నాను. (స్క్రూడ్రైవర్‌తో టప్పుమని పేల్చే అలవాటు నాకూ ఉండేది, ఒకసారి కంట్లో నిప్పురవ్వ పడ్డాక మానేశాను.) దాని మీద 50 మైక్రోఫారడ్లని ఉంది. మీటర్‌లో 31 వచ్చింది. రెండు నెలల కిందట వేసినదే. అప్పుడు మార్చినవాళ్లు వేసిన సరుకులో లోపం ఉందనుకోను. మోటార్ ఎదురు గాలి మీద స్టార్ట్ కాలేక గింజుకున్న ప్రతిసారీ దెబ్బ దానికి తగిలింది. అసలు జబ్బు ఎన్‌ఆర్‌వీలో ఉంటే ఎన్ని కండెన్సర్లు వేసినా ఇంతే.

ఇంకో అనుమానం మిగిలింది. "బయట పనికి వెళ్తే ప్లగ్గు ఎక్కడి నుంచి లాగుతారు?" అని అడిగాను. బండిలోంచి వైరు చుట్ట తెచ్చి ఇచ్చారు. 25 మీటర్ల పొడవు, 1 చదరపు మిల్లీమీటరు రాగి. దాన్నే తగిలించి కొలిచాను. గోడ దగ్గర 228 వోల్టులు, మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఈ చివర 196. వోల్టేజి తగ్గితే మోటార్ బలం అంతకంటే ఎక్కువగా, వోల్టేజి వర్గం లెక్కన తగ్గుతుంది. అంటే ఇక్కడ నాలుగో వంతు బలం వైరులోనే పోతోంది. దూరం వెళ్లాలంటే కరెంటు వైరు పొడిగించొద్దని, గాలి గొట్టం పొడిగించమని చెప్పాను. ఆయన నవ్వి, "ఇన్నేళ్లూ ఉల్టా చేశానన్నమాట" అన్నారు.

గడియారంతో పరీక్ష

పంపు ఎంత బాగుందో తెలుసుకోడానికి నాకు నచ్చిన పరీక్షకు ఖర్చేమీ లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ట్యాంక్ 24 లీటర్లు. సున్నా నుంచి 8 బార్‌కు నింపడమంటే బయటి గాలిని 24 ఎనిమిదులు 192 లీటర్లు లోపలికి కుక్కడం. ఎన్ని నిమిషాలు పట్టిందో దాంతో భాగిస్తే పంపు నిమిషానికి ఎంత గాలి ఇస్తోందో వచ్చేస్తుంది.

ఈ మిషన్ 6 నిమిషాల 20 సెకన్లు తీసుకుంది. నిమిషానికి 30 లీటర్లు.

మిషన్‌కు కొట్టిన పేరు ప్లేటు మీద మాత్రం 200 లీటర్లని ఉంది. అది అబద్ధం కాదు గానీ, కొనేవాడికి పనికొచ్చే నిజమూ కాదు. తర్వాత పంపు విప్పినప్పుడు కొలిచాను: సిలిండర్ అడ్డం 47 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 40. ఒక్కో దెబ్బకు 69 సీసీ. నిమిషానికి 2,850 దెబ్బలు అంటే 198 లీటర్లు. పిస్టన్ కదిలే జాగా లెక్క అది. 8 బార్ ఎదురు ఒత్తిడిలో, వేడిలో, వాల్వుల దగ్గర పోయేది పోగా ఇలాంటి చిన్న పంపులో చేతికి వచ్చేది దాంట్లో సగం అటూ ఇటూ. అంటే దీని దగ్గర నేను ఆశించాల్సింది వంద లీటర్లకు దగ్గరగా. వచ్చేది 30. ఎన్‌ఆర్‌వీ ఒక్కటే అయితే నిండడం ఇంత నెమ్మదించదు. పంపు లోపల కూడా ఏదో పోయింది.

మిషన్ నడుస్తుండగా గాలి లోపలికి లాగే ఫిల్టర్ ముందు అరచెయ్యి పెట్టాను. గాలి లోపలికే పోవాలి. కానీ వేలి సందుల్లోంచి వెచ్చగా ఊపిరి వదిలినట్టు వెనక్కి తగులుతోంది. సక్షన్ రీడ్ (గాలిని లోపలికి లాగే దారిలో తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు వాల్వ్) మూసుకోవడం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక విప్పాలి. విప్పే ముందు ట్యాంక్ ఖాళీ చేయాలి. గేజ్ ముల్లు సున్నా మీద ఉందని నమ్మకూడదు, ముల్లు ఇరుక్కోవచ్చు. అడుగున నీళ్లు తీసే డ్రెయిన్ కాక్ పూర్తిగా విప్పి ఉంచాలి. దీని డ్రెయిన్ కాక్ కదలలేదు. పానాతో పట్టినా రాలేదు. తల దగ్గర మాత్రం గోధుమరంగు చెమ్మ ఊరింది. నేనేం చేశాను? సేఫ్టీ వాల్వ్ రింగు లాగి గాలంతా వదిలేశాను, జాబ్ కార్డు మీద 'డ్రెయిన్ జామ్, తర్వాత' అని రాసుకుని పంపు మీద పడ్డాను.

ఆ 'తర్వాత' అన్న మాటే ఈ కేసులో నా తప్పు. డ్రెయిన్ బిగుసుకుపోయిందంటే నెలల తరబడి ఎవరూ నీళ్లు తీయలేదని అర్థం. అక్కడే ఆగి ట్యాంక్ చూసి ఉంటే ఇంత రాయాల్సిన పనే లేదు.

ఎన్‌ఆర్‌వీ విప్పితే లోపలి బిళ్ల మీద నల్లటి పెచ్చు, సగం వేలిగోరంత. అది అడ్డుపడి వాల్వ్ మూసుకోలేదు. హెడ్ తీస్తే అదే నలుపు వాల్వ్ ప్లేటు నిండా. సక్షన్ రీడ్ అంచు ఒక మూల విరిగి ఉంది. లాగే గదికీ వదిలే గదికీ మధ్య గ్యాస్కెట్ సన్నటి గోడలా ఉండాలి, అది ఒకచోట కాలి తెగిపోయింది. కుక్కిన గాలి ఆ సందులోంచి మళ్లీ మొదటి గదికే వెళ్తోందన్నమాట. చేసిన పనే చేస్తూ తిరుగుతోంది పాపం.

ఇంత మసి ఎక్కడిది? పిస్టన్ రింగు తీసి ఖాళీ సిలిండర్‌లో పెట్టి, దాని మూతుల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) చూశాను. ఈ సైజు రింగుకు 0.2 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, 0.8 పట్టింది. ఆయిల్ పైకి ఎక్కుతోంది. పైన హెడ్ వేడి 150 డిగ్రీలు సులువుగా దాటుతుంది, ఎక్కిన ఆయిల్ అక్కడే మాడి పెచ్చు కడుతుంది. "ఆయిల్ ఏం పోస్తున్నారు?" అంటే, బైక్ ఇంజిన్ ఆయిల్ అన్నారు. ఇంజిన్ ఆయిల్‌లో మురికిని, నీటిని తనలో కలుపుకునే మందులుంటాయి. ఇంజిన్‌కు ఫిల్టర్ ఉంటుంది కాబట్టి అక్కడ అది మంచిదే. ఫిల్టర్ లేని ఈ చిన్న పంపులో అదే ఆయిల్ పాల విరుగుడులా అవుతుంది. ఇలాంటి పిస్టన్ పంపులకు ఐఎస్‌ఓ వీజీ 100 కంప్రెసర్ ఆయిల్ వేరే ఉంటుంది.

రీడ్లు, గ్యాస్కెట్, రింగులు, ఎన్‌ఆర్‌వీ, కండెన్సర్ అన్నీ కొత్తవి వేశాను. వాల్వ్ ప్లేట్‌ను మందపాటి అద్దం మీద 400 నంబరు పేపరు పరిచి సమంగా రుద్దాను. హెడ్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాను. స్టాప్‌వాచ్ నొక్కాను. 2 నిమిషాల 5 సెకన్లు. నిమిషానికి 92 లీటర్లు. ఆగగానే ఒక్క తుస్సు, తర్వాత నిశ్శబ్దం. 6 బార్ దగ్గర జర్రున స్టార్ట్. నేనే మురిసిపోయాను. ఫోన్ చేసి రేపు తీసుకెళ్లమని చెప్పి, 8 బార్ గాలితో అలాగే వదిలేసి ఇంటికి వెళ్లాను.

తెల్లారేసరికి ముల్లు 3 మీద ఉంది.

సబ్బు నురగ

జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు రాశాను. ఎన్‌ఆర్‌వీ, ప్రెషర్ స్విచ్, రెగ్యులేటర్, గేజ్, సేఫ్టీ వాల్వ్, ఎక్కడా బుడగ లేదు. ఇక మిగిలింది పొట్ట. గాలి వదిలేసి, పక్కకు వాల్చి, 2 బార్ మాత్రమే నింపి, అడుగంతా బ్రష్‌తో నురగ పూశాను. చక్రాల బ్రాకెట్ వెల్డింగ్‌కు రెండు వేళ్ల దూరంలో పెయింట్ చిన్నగా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు పక్కన ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. తీరిగ్గా, గుండె కొట్టుకున్నట్టు ఒకటి తర్వాత ఒకటి.

రాత్రంతా దాన్ని 8 బార్‌తో వదిలేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

యజమాని వచ్చి చూసి, అందరూ అనే మాటే అన్నారు: "ఇంత సన్న చిల్లేగా అన్నా, ఒక చుక్క వెల్డింగ్ పెట్టేస్తే పోలా?" పోదు. బయట కనిపించే చిల్లు సూది మొనంతే అయినా, దాని చుట్టూ రేకును తుప్పు లోపలి నుంచి తినేసి ఉంటుంది. పల్చబడ్డ రేకు మీద వెల్డింగ్ పెడితే పక్కన కొత్త చిల్లు పడుతుంది, పడకపోయినా ఆ చుట్టూ ఇనుము పెళుసుబారొచ్చు. ఎపాక్సీ ముద్ద అయితే చిల్లు కనపడకుండా చేస్తుంది, అంతే. రేకుకు బలం ఇవ్వదు.

ఆయనకు లెక్క చెబితే నమ్మారు. 24 లీటర్ల ట్యాంక్‌లో 8 బార్ గాలి ఒక్కసారిగా విడుదలైతే వచ్చే శక్తి ఉజ్జాయింపుగా 25 కిలోజౌళ్లు. వంద కిలోల బరువు 25 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత. ట్యాంక్‌లను గాలితో కాకుండా నీళ్లు నింపి పరీక్షించేది అందుకే. నీళ్లు కుదించుకోవు కాబట్టి రేకు చీలినా బుస్సుమని కారి ఆగిపోతుంది, ముక్కలు ఎగరవు. ఆ పరీక్ష సాధారణంగా పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు చేస్తారు. ఇప్పటికే చిల్లు పడ్డదానికి ఆ పరీక్ష కూడా దండగే.

"ఇన్ని నీళ్లు లోపలికి ఎలా వచ్చాయి? నేను ఒక్క చుక్క పోయలేదే" అన్నారాయన. గాలే మోసుకొచ్చింది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. గాలిలో తేమ 70 శాతం ఉన్న రోజున అందులో 21 గ్రాములుంటాయి. ఆ గాలిని తొమ్మిదో వంతుకు కుదించి మళ్లీ చల్లారనిస్తే, మిగిలిన జాగా మూడు గ్రాముల చిల్లరనే పట్టుకోగలదు. మిగతా 17, 18 గ్రాములు నీళ్లయి దిగుతాయి. ఈ పంపు రోజుకు రెండు గంటలు తిరిగితే 11 ఘనపు మీటర్ల గాలి కుక్కుతుంది. అంటే ఒక గ్లాసు నీళ్లు. అంతా ట్యాంక్‌లోనే ఆగదు, వేడి మీద కొంత గొట్టంలోకి పోయి పాలిష్ మీద మచ్చలవుతుంది. ఆయన పాలిష్‌కు ఆ మచ్చలు ఉన్నాయట కూడా, థిన్నర్ మంచిది కాదనుకున్నారట.

చిల్లు చక్రాల వైపే ఎందుకు పడిందో కూడా మాటల్లో తేలింది. అదురు తగ్గుతుందని ముందు కాలు కింద చెక్క ముక్క పెట్టి వాడేవారు. ట్యాంక్ వెనక్కి వాలి నీళ్లన్నీ చక్రాల వైపు చేరాయి. డ్రెయిన్ నడుమ ఉంది. అది బిగుసుకోకముందు ఆయన తిప్పినా అక్కడి నీళ్లు పూర్తిగా దిగి ఉండవు.

బాగు చేయడమా, మార్చడమా

పంపు వైపు నేను వేసిన సామాను అప్పటికే కొత్త మిషన్ ధరలో నాలుగో వంతు. పరీక్షించి ముద్ర వేసిన ట్యాంక్ ఒంటిగా కొని, బ్రాకెట్లు సరిపోల్చుకుంటే సగం దాటుతుంది. అయినా ఒకసారి ఆలోచించాను. అప్పుడు మోటార్‌ను మెగ్గర్‌తో (వైండింగ్ ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) చూశాను. 500 వోల్టుల దగ్గర 4 మెగా ఓమ్‌లు. 1 కంటే పైనే ఉంది కాబట్టి నడుస్తుంది. కానీ మంచి వైండింగ్ వందల్లో చూపిస్తుంది. నెలల తరబడి గుయ్‌మన్న ప్రతిసారీ కాలిన ఇన్సులేషన్ ఇది. దీని కోసం కొత్త ట్యాంక్ కొనమని నేను చెప్పలేను.

ఇంకో కారణం అన్నిటికంటే పెద్దది. ఆయన స్ప్రే గన్ డబ్బా మీదే ఉంది, నిమిషానికి 150 లీటర్ల గాలి కావాలని. ఈ మిషన్ కొత్తగా ఉన్నప్పుడు కూడా వంద మించి ఇచ్చి ఉండదు. స్ప్రే చేస్తున్నంతసేపూ మోటార్ ఒక్క క్షణం ఆగలేదన్నమాట. ఇలాంటి చిన్నవి సగం సేపు తిరిగి సగం సేపు చల్లారే లెక్కన చేసినవి. వేడి, మసి, రింగుల అరుగుదల అన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. నెయిల్ గన్‌కైతే ఇది ఇంకా చాలా ఏళ్లు వచ్చేది, మేకుకో గుక్కెడు గాలి చాలు దానికి. అందుకే ఇదే సైజు మళ్లీ కొనొద్దన్నాను. 50 లీటర్ల ట్యాంక్, బెల్టు డ్రైవ్, వెయ్యి ఆర్‌పీఎమ్ చుట్టుపక్కల నెమ్మదిగా తిరిగే పంపు చూడమన్నాను. కొనేటప్పుడు హెచ్‌పీ అడగొద్దు, 8 బార్ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు బయటికి ఇస్తుందో అడగండి, చెప్పలేకపోతే వేరేది చూడండి అన్నాను. ఆయిల్ లేని రకం పాలిష్‌కు శుభ్రమే గానీ, రోజంతా స్ప్రే చేసేవాడి చేతిలో దాని టెఫ్లాన్ రింగు త్వరగా అరుగుతుంది, చప్పుడూ ఎక్కువ. ఏది కొన్నా గొట్టం మొదట్లో నీళ్లు పట్టే ఫిల్టర్ ఉండాల్సిందే.

(కారు టైర్లకు గాలి కొట్టే 12 వోల్టుల బుల్లి కంప్రెసర్లు కూడా జనం తెస్తుంటారు. ఫ్యూజ్, గొట్టం చివర వాషర్, ఈ రెండూ చూస్తాను. లోపల ప్లాస్టిక్ గేరు అరిగి ఉంటే అక్కడితో ఆపేసి కొత్తది కొనుక్కోమంటాను.)

కూలి తీసుకోలేదు. ముందు డ్రెయిన్ చూసి ఉంటే అరగంటలో తేలే విషయానికి మూడు సాయంత్రాలు పెట్టింది నేను. కండెన్సర్, ఎన్‌ఆర్‌వీ, రింగులు నా దగ్గరే ఉంచుకుని వాటి ఖర్చు నేనే పెట్టుకున్నాను. రెగ్యులేటర్, గొట్టం, గేజ్ ఆయన కొత్తదానికి పనికొస్తాయని విప్పి ఇచ్చాను.

ట్యాంక్‌ను అలాగే తుక్కుకు వేస్తే ఎవరో ఒకరు చుక్క వెల్డింగ్ పెట్టి మళ్లీ వాడతారు. అందుకని ముందు డ్రిల్లుతో పెద్ద కన్నాలు నాలుగు పెట్టి, తర్వాత గ్రైండర్‌తో నడిమికి కోశాను. అందులోంచి కారింది నీళ్లనలేం, ఇటుకపొడి కలిపిన గంజిలా ఉంది. నెత్తిన రేకు మందం వెర్నియర్‌లో 2 మిల్లీమీటర్లు. చిల్లు పక్కన పెచ్చులు గోకి కొలిస్తే 0.6. బయట సూది మొనంత ఉన్న చోట లోపల బొటనవేలు దూరేంత గుంట. ఆయన ఆ ముక్క తీసుకుని బొటనవేలితో నొక్కారు. బిస్కెట్ డబ్బా మూతలా లోపలికి వంగి, టక్‌మంది.

కొత్త రింగులు, రీడ్లు వేసిన పంపు హెడ్ ఇంకా నా అర మీదే ఉంది. అదే రకం మిషన్, ట్యాంక్ బాగున్నది, ఎవరైనా తెస్తే దానికి వేస్తాను.